ముప్పావు మస్టాంగ్‌కు ఎంత ఖర్చయింది? నా అనుభవం

రెండో ప్రపంచ యుద్ధం నాటి పీ-51 మస్టాంగ్ యుద్ధవిమానాన్ని ముప్పావు కొలతలో అనుకరించే కిట్ కొని, అమెరికాలో నా గ్యారేజీలోనే కట్టుకున్నాను. ఇదే పని మొదలుపెట్టాలనుకునేవారు నన్ను మొదట అడిగేది కిట్ ధర. నేను వెంటనే వాళ్లను అడిగేది, ఎంత వేగంతో ఎగరాలనుకుంటున్నారని. ఖర్చును తేల్చేది ఆ జవాబే.

అసలు మస్టాంగ్‌లు 15 వేలకు పైగా తయారయ్యాయి. 1945లో ఒక్కోదానికి సుమారు 51 వేల డాలర్లు పడింది. ఎగిరే స్థితిలో మిగిలిన కొద్దిపాటి విమానాల ధర ఇప్పుడు పది లక్షల డాలర్లను ఎప్పుడో దాటిపోయింది. ఆ ఆకారం మీద, ఆ రెక్క మీద ప్రేమ ఉన్న మామూలు ఉద్యోగికి మిగిలే దారి కిట్ ఒక్కటే. కిట్లలోనూ తేడాలు చాలా ఉన్నాయి. టైటాన్ టీ-51 వంటి అల్యూమినియం కిట్ 100 హార్స్‌పవర్ రోటాక్స్ ఇంజన్‌తో కూడా ఎగురుతుంది. కార్బన్ ఫైబర్‌తో చేసే థండర్ మస్టాంగ్‌కు 640 హార్స్‌పవర్ ఫాల్కనర్ వి-12 (పన్నెండు సిలిండర్ల) ఇంజన్ కావాలి. రెండూ ముప్పావు కొలతవే. చూపుకు ఒకే జాతి, ఖర్చులో మాత్రం పొంతనే లేదు.

దీనికి కారణం గాలి. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని అధిగమించే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం పది శాతం పెరగాలంటే శక్తి 33 శాతం పెరగాలి. వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల శక్తి కావాలి. ఈ లెక్కను కాగితం మీద వేసుకుని, ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించుకున్నాను. నాకు కావలసింది యుద్ధవిమానం రూపు ఒక్కటే కాదు, పైకి ఎక్కేటప్పుడు వెన్ను సీటుకు అతుక్కునే ఆ బలం కూడా. అందుకే 6.2 లీటర్ల షెవర్లే ఎల్ఎస్3 వి-8 కారు ఇంజన్ ఎంచుకున్నాను.

ఇంజన్ మాత్రం చవకే. 430 హార్స్‌పవర్ ఇచ్చే యంత్రం కొత్తది, పెట్టెలో పెట్టి, నాకు పది వేల డాలర్ల లోపే వచ్చింది. ఆ తర్వాత అది అడిగినవాటి దగ్గర జేబు ఖాళీ అయింది. కారు ఇంజన్ శక్తి రావాలంటే నిమిషానికి 4,500 చుట్లకు పైగా తిరగాలి. 2.2 మీటర్ల ప్రొపెల్లర్‌ను నేరుగా ఆ వేగంతో తిప్పితే దాని కొన సెకనుకు 500 మీటర్లు దాటుతుంది. ధ్వని వేగం సుమారు 340 మీటర్లే. కొన ధ్వని వేగాన్ని దాటితే శక్తిలో చాలా భాగం విమానాన్ని ముందుకు లాగకుండా చప్పుడుకూ నిరోధానికీ పోతుంది. కాబట్టి చుట్లను సగానికి తగ్గించే గేర్‌బాక్స్ తప్పనిసరి. అది 13 వేల డాలర్లు. సిలిండర్లలో పేలుళ్ల కుదుపు బరువైన ప్రొపెల్లర్‌ను తాకి తిరిగి గేర్ల పళ్ల మీదికి వస్తుంది. దాన్ని తట్టుకునే మెత్తని జోడింపు (కప్లింగ్) లేని గేర్‌బాక్స్ ఎంత తక్కువకు దొరికినా కొనవద్దు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

ఎగురుతుండగా పిచ్ (రెక్కల వాలు కోణం) మారే నాలుగు రెక్కల ప్రొపెల్లర్‌కు 22 వేలు అయింది. నీటితో చల్లబడే ఇంజన్ కాబట్టి పొట్ట కింద రేడియేటర్ కావాలి. అసలు మస్టాంగ్‌లో ఆ రేడియేటర్‌కు గాలి అందించే గుమ్మం గొప్ప ఆలోచన. రేడియేటర్‌లో వేడెక్కిన గాలి వెనక నుంచి వేగంగా వెళ్లి, చల్లబరచడం వల్ల కలిగే నిరోధాన్ని చాలావరకు పూడుస్తుంది. ముప్పావు కొలతకు కుదించినప్పుడు లోపలి దారికి చోటు చాలదు, ఇంజన్ వేడి మాత్రం కొలతతో పాటు తగ్గదు. లోపలి గాలి మార్గాన్నీ వెనక తలుపునూ మళ్లీ మళ్లీ మార్చాను. రేకు ఖరీదు స్వల్పమే, సెలవులు మాత్రం హరించుకుపోయాయి. రేడియేటర్, గొట్టాలు, పొగ గొట్టాలు, ఇంధన పంపులు, ఇంజన్ మౌంట్ కలిపి మరో 15 వేలు.

మనిషి కూడా ముప్పావుకు తగ్గడు. అందుకే ఇలాంటి విమానాల్లో కాక్‌పిట్ అసలు నిష్పత్తి కంటే కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. చక్కని గీతను అక్కడ కొంత వదులుకోవాలి.

రెక్కలూ తోకా రివెట్లతో బిగించడం నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, ఖర్చు తక్కువైన భాగం కూడా. రివెట్లు కొట్టే గాలి సుత్తి, రేకులను తాత్కాలికంగా పట్టి ఉంచే క్లెకోలు, రివెట్ వెనక ఆనించే ఇనుప దిమ్మలు (బకింగ్ బార్లు) చాలావరకు ఇంతకుముందు కట్టినవారి దగ్గరే దొరికాయి. అమెరికా నిబంధన ప్రకారం పనిలో ఎక్కువ భాగం కట్టేవారే, నేర్చుకోవడానికో సరదాకో చేసి ఉండాలి. అది నిరూపించడానికి ప్రతి దశనూ ఫోటో తీసి పుస్తకంలో రాసుకున్నాను. తనిఖీకి వచ్చిన అధికారి విమానం కంటే ముందు ఆ పుస్తకమే అడిగారు.

కాక్‌పిట్ డిస్‌ప్లే తెరలు, రేడియో, 2020 నుంచి చాలా గగనతలాల్లో తప్పనిసరి అయిన, విమానం ఎక్కడుందో ప్రసారం చేసే ఏడీఎస్-బీ పరికరం అన్నిటికీ 25 వేలు. రంగుకు 12 వేలు. 1944 నార్మండీ దాడి నాటి నలుపు తెలుపు చారలు వేయించకుండా ఉండలేకపోయాను. ప్రతి పూత బరువు పెంచుతుందని తెలిసే వేయించాను.

చాలామంది లెక్కలో వేసుకోనిది బీమా, శిక్షణ. తోకచక్రం, లోపలికి ముడుచుకునే చక్రాలు, కారు ఇంజన్, పైగా సొంతంగా కట్టినది. ఇవన్నీ విన్న ఒక బీమా సంస్థ మొదటి విమానయానాలకు విమానం నష్టాన్ని భరించనంది. ఇతరులకు కలిగే నష్టం వరకే పాలసీ ఇచ్చింది. నేను పట్టుబట్టి యుద్ధకాలపు శిక్షణ విమానం టీ-6లో బోధకుడితో గంటలు ఎగిరాను. గంటకు వందల డాలర్లు. ముక్కు పైకెత్తి ముందున్న రన్‌వేను దాచేసే విమానాన్ని ఎలా దించాలో అక్కడే ఒంటబట్టింది. అందులో ఒక్క డాలర్ కూడా ఎక్కువ పెట్టానని అనుకోను.

మొత్తం దాదాపు లక్షా 90 వేల డాలర్లు తేలింది. అందులో కిట్ వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఇంజన్, దాని చుట్టూ చేరినవి కలిపి 60 వేలు. చిన్న ఇంజన్‌తో తృప్తి పడితే ఈ రెండో అంకె బాగా తగ్గుతుంది, విమానం కూడా తేలికవుతుంది. అలా తృప్తి పడటం నామోషీ అని నేననను.

ఇంజన్, ప్రొపెల్లర్ ధ్రువీకరించిన జత కానందున నాకు 40 గంటల పరీక్షా దశ నిర్ణయించారు. నిర్ణీత ప్రాంతంలోనే ఎగరాలి, సరదా ప్రయాణికులను ఎక్కించకూడదు. గంటకు 20 గ్యాలన్ల చొప్పున ఆ దశకే 800 గ్యాలన్ల ఇంధనం పడుతుంది. ఆ డబ్బు ముందే విడిగా తీసి పెట్టుకోండి.