బడి పిల్లలతో వెలిగొండ అడవికి: నా అనుభవం

నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. బడి వరండాలో నిలబడితే వెలిగొండలు కనబడతాయి. అయినా మా పిల్లల్లో చాలామంది కొండ మొదటికి కూడా పోలేదు. ఇళ్లలో గొడ్లు తగ్గిపోయాయి, కొండకు తోలుకెళ్లే పని లేదు. మెట్ట సేద్యం గిట్టక అమ్మానాన్నలు హైదరాబాదుకో బెంగళూరుకో పోతే, అవ్వాతాతల దగ్గర ఉండే పిల్లలకు సెల్‌ఫోనే లోకం. పరిసరాల విజ్ఞానంలో అడవి గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా కిటికీలోంచి వేలు పెట్టి చూపించడం నాకు చాలా బాధగా ఉండేది.

అనుకున్నంత మాత్రాన వెళ్లిపోవడానికి లేదు. అది రిజర్వు అడవి. అనుమతి లేకుండా లోపల అడుగుపెడితే 1967 అటవీ చట్టం కింద నేరం, ఎండుపుల్ల తెచ్చినా తప్పే. పైగా ఎర్రచందనం ఉన్న కొండలు కాబట్టి నిఘా గట్టిగా ఉంటుంది. హెచ్‌ఎం సంతకంతో మండల విద్యాధికారి (ఎంఈఓ)కి ఒక లెటరు, రేంజర్‌కి ఒక దరఖాస్తు పెట్టాను. ఫైలు కదలడానికి చాలా కాలం పట్టింది.

ఈలోగా ఖాళీగా ఉండబుద్ధి కాలేదు. చెరువు కట్ట కింద పంచాయతీ తోపు ఉంది: చింతలు, వేపలు, కానుగలు, అంచున ఈతచెట్లు. సర్పంచ్‌ని అడిగితే సరేనన్నారు. శనివారం ఎలాగూ నో బ్యాగ్ డే. ప్రేయర్ అయ్యాక తీసుకెళ్లి, మధ్యాహ్న భోజనం బెల్లుకు వెనక్కి తెచ్చేదాన్ని.

అసలు టెన్షన్ తల్లిదండ్రుల మీటింగులో. "బిడ్డకు ఏమన్నా అయితే వాళ్లమ్మకు నేనేం జెప్పేది మేడమ్?" అని ఒక అవ్వ అడిగింది. ఆ ప్రశ్నకు ధైర్యం చెబితే సరిపోదు, ఏర్పాట్లు చూపించాలి. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి పాము విషానికి మందు ఉందో లేదో కనుక్కున్నాను. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయకూడదనీ, కాలు కదలనీయకుండా 108లో తీసుకెళ్లాలనీ పిల్లలకూ పెద్దలకూ చెప్పాను. గవర్నమెంటు కిట్టులో ఇచ్చిన బూట్లు సాక్సులతో సహా వేసుకురావాలని రూలు పెట్టాను. పండక్కని దాచిపెట్టిన బూట్లు అప్పుడు బయటికొచ్చాయి. పదిమంది పిల్లలకు ఒక పెద్దమనిషి తోడు ఉండాలని కూడా పట్టుబట్టాను.

అందరికన్నా ఎక్కువ ధైర్యమిచ్చింది మా నాలుగో తరగతి పిల్లవాడి తాత. యానాదుల పెద్దమనిషి, కొండ ఎరిగినవాడు. "పామును మీరు జూసేలోపలే అది మిమ్మల్ని కనిపెట్టి తప్పుకుంటాది. కాలు గట్టిగా ఆనించి నడవండి, చెయ్యి పెట్టేముందు కన్ను పెట్టండి" అన్నాడు. పిల్లలు ఆ మాటే పాటలాగా అనుకుంటూ నడిచేవాళ్లు. ఇంత తెలిసిన మనుషులు ఊళ్లోనే ఉన్నా, బడిలోకి పిలిచి ఒక పాఠం చెప్పించే అలవాటు మనకు లేదు.

తోపులో నాకు బాగా గుర్తుండిపోయింది చిల్లగింజల పాఠం. ఒక అమ్మాయి వాళ్ల అవ్వ డబ్బాలో దాచుకున్న గింజలు నాలుగు తెచ్చింది. బొత్తాలంత ఉంటాయి. చెరువులో బురదనీళ్లు రెండు చెంబులకు ముంచాం. గరుకు రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి గింజను గంధంలా అరగదీసి, ఒక చెంబులోనే కలిపాం. ఆ తర్వాత ఎవరూ చెంబు కదిలించకుండా కూర్చోవడమే కష్టమైన పని. కాసేపటికి కలిపిన చెంబులో బురద పొరలు పొరలుగా దిగి పైన నీళ్లు తేటపడ్డాయి. రెండో చెంబు అలాగే ఉంది. "మేడమ్ ఏదో మందు కలిపింది" అని ఒకడు వాదన. వాడి చేతే మళ్లీ చేయించాను. గింజలోని పదార్థాలు సన్నటి మట్టి రేణువులను ఒకదానికొకటి అంటుకునేలా చేస్తాయి, బరువెక్కి అడుగుకు చేరతాయని అప్పుడు చెప్పాను. తేటగా ఉన్నా క్రిములు పోవు, కాచుకునే తాగాలని కూడా.

అదే తోపుకు పదేపదే పోవడం వల్లే ఇదంతా సాధ్యమైంది. మొదట్లో పిల్లలు పిక్నిక్ అనుకుని పరుగులు పెట్టారు. రానురాను ఏ చెట్టు ఆకు రాలుస్తోందో, ఏ పుట్ట మీద కొత్త మట్టి పడిందో వాళ్లే వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. తాడుతో చెట్ల చుట్టుకొలత తీసి, లెక్కల నోటుబుక్కులో రాసుకున్నారు. తరగతిలో నోరు విప్పని పిల్లలు కూడా ఇక్కడ పోట్లాడి మరీ చెప్పేవాళ్లు.

అనుమతి సంక్రాంతి తర్వాత వచ్చింది. నిజానికి మా వైపు అదే సరైన కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫాన్లు. మార్చి దాటితే ఎండలు, ఎండుటాకులకు నిప్పంటుకునే భయం. బీట్ ఆఫీసర్ మాతోనే ఉన్నారు. ఎర్రచందనం దొంగల వార్తలు టీవీలో చూసిన పిల్లలు ఆ చెట్టును చూడటం అదే మొదలు. గళ్లు గళ్లుగా పగిలిన నల్లటి బెరడును ఒక్కొక్కరే తడిమారు. కింద రాలిన కాయ బిళ్లలా గుండ్రంగా ఉంది, చుట్టూ పలచటి రెక్క. పైకి విసిరి గాలికి ఎంత దూరం పోతుందో చూశారు. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో మన తూర్పు కనుమల దక్షిణపు కొండల్లోనేనని ఆయన చెబితే నమ్మలేకపోయారు.

ఇంకొంచెం లోపల బిక్కి చెట్టు కనబడింది. కొమ్మ చివర మొగ్గకు పసుప్పచ్చటి బంక పట్టి ఉంది. ఉదయగిరి చెక్క చెంచాలకు, ఫలానా చోటి ప్రత్యేక వస్తువని ఇచ్చే జీఐ గుర్తింపు ఉందని చాలామందికి తెలుసు, ఏ కర్రతో చేస్తారో తెలియదు. చెంచాలు చెక్కే ఇంటి అమ్మాయి ఆ చెట్టును పట్టుకుని, "మా అమ్మ చెంచాలు చేసేది దీంతోనా మేడమ్?" అని అడిగింది. దీంతో, నర్ది కర్రతో కూడా అని మాతో వచ్చిన ఆ యానాది తాత చెప్పాడు.

ఎవరైనా టీచర్లు ప్రయత్నిస్తే, రేంజర్‌కిచ్చే దరఖాస్తులో పిల్లల సంఖ్య, తరగతులు, వెంట వచ్చే పెద్దవాళ్లు, తేదీ, వెళ్లే దారి, తిరిగొచ్చే సమయం అన్నీ రాయండి. నిప్పు పెట్టబోమని, ప్లాస్టిక్ పడేయబోమని, లోపలి నుంచి ఏదీ తీసుకురాబోమని హామీ జత చేయండి. తల్లిదండ్రుల సంతకాల కాగితం కూడా పెట్టండి. దసరా సెలవులు కాగానే ఇస్తే, అనుమతి జనవరికల్లా చేతికి రావచ్చు. ఈలోగా ఊరి తోపు ఎలాగూ ఉంది.