తూము లేని చెరువు

"దీనికి తూము ఎక్కడుందమ్మా?"

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని క్రేటర్ లేక్ అనే సరస్సు అంచున నిలబడి మా నాన్న అడిగిన మొదటి మాట ఇది. ఆ నీలాన్ని చూసి పక్కనున్నవాళ్లంతా ఫోన్లు తీస్తుంటే, ఆయన చూపు మాత్రం గట్టు వెంట మెల్లగా తిరుగుతోంది. నాగార్జునసాగర్ కుడి కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై ఏళ్లు చేసిన మనిషి. నరసరావుపేట దగ్గర ఒక మేజరు (పెద్ద పంటకాలువ) మీద పొద్దున్నే గేజి చూసి నీటిమట్టం రాసుకుంటే గాని ఆయనకు తెల్లవారినట్టు కాదు. నీళ్లు కనబడితే చాలు, ఎక్కడి నుంచి వచ్చాయి, ఎటు పోతాయి అన్నదే ముందు కావాలి ఆయనకు.

"తూము లేదు నాన్నా. అలుగూ లేదు. లోపలికి వచ్చే వాగు కూడా లేదు" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "మరి ఇన్ని నీళ్లు?"

అది 2023 ఆగస్టు. పోర్ట్‌లాండ్ పక్కన మేముండే ఊరి నుంచి పులిహోర, పెరుగన్నం డబ్బాలు సర్దుకుని చీకటితోనే బయలుదేరాం. ఉత్తర ద్వారం దాటాక కొంతదూరం పోతే, అంతవరకు దట్టంగా ఉన్న అడవి ఉన్నట్టుండి ఆగిపోయి ప్యూమిస్ డెజర్ట్ అనే బోడి మైదానం వస్తుంది. అక్కడ కారు ఆపించి నాన్న పిడికెడంత రాయి ఒకటి చేతికి తీసుకున్నారు. ఒళ్లంతా చిల్లులు. మరమరాల ఉండంత బరువు కూడా లేదు. నురగ కట్టిన లావా బుడగలతో సహా గడ్డకడితే అలా అవుతుందట, నీళ్లలో వేస్తే తేలుతుంది. పార్కులో రాళ్లు తీసుకుపోకూడదని చెప్పగానే, ఎత్తిన చోటే గుంత చూసుకుని మళ్లీ అందులోనే పెట్టారు.

ఆ రాయి ఒకప్పుడు మజామా పర్వతం కడుపులోది. సుమారు 12,000 అడుగుల ఎత్తున్న ఆ కొండ 7,700 ఏళ్ల కిందట పేలింది. లోపలి లావా భారీగా ఎగజిమ్మాక కింద ఆధారం లేక శిఖరం తనలోకే కుప్పకూలింది. మిగిలిన గుంత ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు, పది కిలోమీటర్ల పొడవు. బూడిద కెనడా దాకా పోయి పడింది. పాతాళానికి అధిపతి లావోకూ, ఆకాశానికి అధిపతి స్కెల్‌కూ జరిగిన యుద్ధమే ఇదని ఇక్కడి ఆదివాసులైన క్లామత్ ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. దాన్ని ఒట్టి కట్టుకథ అనడానికి నాకు మనసొప్పదు. 1938లో ఇక్కడికి ఈశాన్యంగా ఉన్న ఫోర్ట్ రాక్ గుహలో, ఈ పేలుడు బూడిద పొర కిందే, సేజ్‌బ్రష్ పొద బెరడుతో అల్లిన చెప్పులు డజన్లకొద్దీ దొరికాయి. కొండ పేలకముందే ఈ నేల మీద మనుషులు తిరిగారు. పేలినప్పుడు చూసిన కళ్లూ ఉండే ఉంటాయి.

నాన్న ప్రశ్నకు జవాబు వాన, మంచు. ఏటా నలభై అడుగులకు పైగా మంచు పడుతుంది ఇక్కడ. గుంత నిండడానికి కొన్ని వందల ఏళ్లు పట్టింది. ఇప్పుడు వచ్చిన నీటిలో కొంత ఆవిరైపోతుంది, కొంత గోడలోని గుల్ల పొర గుండా ఊటగా జారిపోతుంది. అందుకే వందేళ్లకు పైబడిన లెక్కల్లో మట్టం తేడా ఐదు మీటర్లకు అటూ ఇటే. "అయితే ఆ గుల్ల పొరే దీని అలుగు" అన్నారు నాన్న. లోతు 594 మీటర్లని చెబితే కాసేపు మాట్లాడలేదు. సాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు. ఒకదాని మీద ఒకటి నాలుగు నిలబెట్టినా నీటి పైకి రావు.

మేం వెళ్లినప్పుడు నీళ్లను ముట్టుకోవాలంటే క్లీట్‌వుడ్ కోవ్ కాలిబాట ఒక్కటే మార్గం. రెండు కిలోమీటర్లకు కొంచెం తక్కువే గాని, 700 అడుగులు దిగాలి. అలిపిరిలో కష్టం ముందు, దర్శనం తర్వాత. ఇక్కడ దర్శనం ముందే అయిపోతుంది, కష్టం తిరుగుదారిలో. మెత్తటి దుమ్ములో చెప్పులు కూరుకుపోతుంటే, మలుపు మలుపుకూ ఆగుతూ దిగాం.

ఒడ్డున అన్నీ బండలే, ఇసుక లేదు. నాన్న ఒక బండ మీద కూర్చుని దోసిలితో నీళ్లు తీసుకున్నారు. పైనుంచి అంత చిక్కటి నీలం, దోసిట్లో ఏ రంగూ లేదు. అరచేతి గీతలు, వేలి ఉంగరం మీది చెక్కడం తేటగా కనబడుతున్నాయి. "ఒండ్రు లేదు. నది లేదుగా, ఒండ్రు ఎక్కడిది?" అని తనలో తానే అనుకున్నారు. నేను దూకాను. చలికి ఊపిరి గొంతులోనే నిలిచిపోయింది. మొదటి నాలుగు బారలు భయంతోనే వేశాను, తర్వాత గాని కళ్లు తెరిచి కిందికి చూడలేదు. పచ్చని బండలు మెట్లు మెట్లుగా దిగి, దిగి, ఒక చోట నేల అన్నదే లేకుండా నీలంలో కలిసిపోయాయి. నేను చూసిన నీళ్లలో ఇంత నిజమైనవి లేవు.

పక్క బండ మీద ఇద్దరు గాలం వేస్తున్నారు. నిజానికి ఈ సరస్సులో చేపలే ఉండేవి కావు. దీన్ని కాపాడాలని పదిహేడేళ్లు పోరాడి 1902లో జాతీయ పార్కుగా ప్రకటింపజేసిన విలియం స్టీల్ అనే ఆయనే, 1888లో మొదటి చేపపిల్లలను తెచ్చి వదిలాడు. వాటికి మేతగా 1915లో రొయ్యలాంటి క్రేఫిష్‌ను వేశారు. ఆ క్రేఫిష్ ఇప్పుడు ఒడ్డు పొడవునా పెరిగిపోయి, ప్రపంచంలో ఇక్కడ తప్ప ఎక్కడా లేని మజామా న్యూట్ అనే చిన్న ఉభయచరాన్ని తినేస్తోంది. ప్రేమించినవాడి చేతి మీదుగానే ఈ నీటికి కీడు మొదలైందని తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఎక్కేటప్పుడు ఐదారు చోట్ల కూర్చున్నాం. పైకి వచ్చేసరికి సరస్సులోని విజార్డ్ ఐలాండ్ అనే దీవి నీడ నీటి మీద పొడవుగా పడుతోంది. నాన్న జేబులోంచి చిన్న డైరీ తీసి, ఉద్యోగంలో రాసినట్టే గీత కొట్టి రాసుకున్నారు.

రాక: వాన, మంచు.
పోక: ఎండ, ఊట.
ఆయకట్టు: లేదు.
గేజి: చూడలేదు.

ఆ చివరి మాటను కాసేపు చూసి, "ఎక్కడో ఉండే ఉంటుందమ్మా" అన్నారు.