ఇసకపల్లి పర్రలో చీమల వెంట

నెల్లూరు నుంచి అల్లూరు దాటి ఇసకపల్లి వైపు బండి మీద వెళ్తుంటే వరి కయ్యలు ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఆ పైన రొయ్యల గుంటలు, ఉప్పు మళ్లు, వాటి పక్కనే ఎండాకాలం పూర్తిగా ఆరిపోయే ఉప్పు పర్ర, అంటే చవిటి బయలు. చూసినవాళ్లు బంజరు అనేస్తారు. మేం వెళ్లింది అక్కడ ఎన్ని రకాల చీమలు బతుకుతున్నాయో చూడ్డానికి.

చీమల సర్వేకి పెద్ద సరంజామా అక్కర్లేదు. ప్లాస్టిక్ గ్లాసులు నేలలో పాతి, అడుగున సబ్బు నీళ్లు పోస్తాం. సబ్బు కలిస్తే చీమ తేలకుండా మునుగుతుంది. గ్లాసు అంచు మాత్రం నేలకు సమంగా ఉండాలి. కొంచెం పైకి లేచినా చీమ పక్క నుంచి తిరిగి పోతుంది. పర్రలో కష్టమంతా ఇక్కడే. పైన ఉప్పు పెచ్చు, కింద జిగట బురద. గుంత తవ్వితే చుట్టూ పెళ్లలు ఊడొస్తాయి. తడిమన్ను తెచ్చి ఒక్కో గ్లాసు చుట్టూ మెత్తాం. కాగితం ముక్కల మీద ఎరగా బెల్లం, ఎండుచేపల పొడి కూడా పెట్టాం.

పక్క మడిలో ఉప్పు లాగుతున్న పెద్దాయన వచ్చి చూశాడు. "చీమల కోసం ఇంత దూరం వచ్చినారా అబ్బయ్యా? మడిలో ఏముంటాయి, గట్టు మీద చూడు. ఎర్రచీమ నిలబడనీదు" అన్నాడు.

అక్షరాలా నిజం. తెల్లగా పెచ్చు కట్టిన చోట గ్లాసులు దాదాపు ఖాళీ. ఇలకూర మొక్కలు మొదలైన దగ్గర చీమలూ మొదలయ్యాయి. జానెడు ఎత్తున్న పాత గట్టు మీద రకాలు ఒక్కసారిగా పెరిగాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకు పర్రంతా నీళ్లే కదా, ఆ జానెడే పుట్టకు ప్రాణం.

ఆ గట్టు మీదే మెరానోప్లస్ బైకలర్ అనే చీమ కనపడింది. ఎర్రటి ముందుభాగం, నల్లటి పొట్ట, ఒళ్లంతా నూగు. బ్రష్‌తో తాకితే మీసాలు తలపక్క గాడుల్లోకి మడిచేసి, ముడుచుకుని, చచ్చినట్టు పడిపోయింది. కాసేపటికి ఒక మీసం బయటికి తీసి గాలి చూసి, ఏమీ జరగనట్టే నడిచిపోయింది. ఎండ నెత్తికెక్కుతున్నా నేను అక్కడి నుంచి లేవలేకపోయాను.

చిల్లచెట్టు మాను మీద టెట్రాపొనెరా రూఫోనైగ్రా అనే ఇంకో చీమ దొరికింది. నడిభాగం ఎరుపు, తలా పొట్టా నలుపు. కుడితే మంట మామూలుగా ఉండదు. దాన్ని 1851లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన టి.సి. జెర్డాన్ అంతకుముందు నెల్లూరులోనే సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. దక్షిణ భారత చీమల మీద ఆయన వేసిన పట్టికలోదే ఆ పేరు. ఈ జిల్లాలో నిలబడి దాన్ని చూడ్డం నాకు చాలా గర్వంగా అనిపించింది.

టెన్షన్ పెట్టింది మాత్రం ఎర్రచీమే. సొలెనాప్సిస్ జెమినాటా, అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చింది. మీసంలో పది కణుపులు, చివరి రెండూ లావు. లెన్సులో చూసి అలాగే గుర్తుపట్టాం. జేసీబీతో కొత్తగా పోసిన గట్ల మీద బెల్లమూ చేపపొడీ నిమిషాల్లో దీని సొంతమయ్యాయి, అక్కడ వేరే రకం దాదాపు కనపడలేదు. మెరానోప్లస్ దొరికిందల్లా ఇలకూర పట్టిన పాత గట్ల మీదే. రొయ్యల గుంటలు తవ్వాల్సి వస్తే తవ్వుకోనీ, అలాంటి గట్లు కొన్నయినా కదల్చకుండా వదిలేయాలని ఊళ్లో కలిసిన వాళ్లందరికీ చెప్పి వచ్చాం.

వానలు వెళ్లి నీళ్లు తీశాక మళ్లీ అవే గట్ల మీద గ్లాసులు పాతాలి. మునిగిన చోటికి ముందుగా తిరిగొచ్చేది ఏ చీమో అప్పుడు తెలుస్తుంది.