గిరి చుట్టూ 14 కిలోమీటర్లు, స్థానభ్రంశం సున్నా

అరుణాచలం నుంచి నిన్ననే వచ్చాం. కాళ్ళ మంట తగ్గలేదు కానీ మొక్కు తీరిందన్న తృప్తి ముందు అదేమీ లెక్కలోది కాదు. మా అమ్మాయి ఫిజిక్స్ గట్టెక్కితే దాన్ని వెంటబెట్టుకుని గిరి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకున్నాను. గట్టెక్కించాడు స్వామి.

రాజగోపురం దగ్గర దండం పెట్టుకుని, కొండను కుడిచేతి వైపు ఉంచుకుని నడక మొదలుపెట్టాం. యమ లింగం దాకా హుషారే. పౌర్ణమి జనం సంగతి చెప్పక్కర్లేదు. ఒక్క క్షణం ఆగి చేతులు జోడిద్దామంటే వెనకనుంచి తోపులాట, ముందేమో సెల్ఫీలు.

పడమటి వైపు వచ్చేసరికి నా మడమ బొబ్బ చితికింది. దారి పక్కన కూలబడ్డాను. ఎవరో తమిళావిడ, మా అమ్మ వయసు ఉంటుంది, అడక్కుండానే కూర్చుని తన సీసాలో నీళ్ళతో మడమ కడిగింది. భుజం మీది తువ్వాలు అంచు పళ్ళతో చించి గట్టిగా కట్టు కట్టింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. "అరుణాచలా" అని నవ్వి, జనంలో కలిసిపోయింది. పేరైనా అడగలేకపోయాను.

"ఇంకా సగం ఉందే, నావల్ల కాదు" అన్నాను. "అమ్మా, ఇప్పటిదాకా నడిచిన 7 కిలోమీటర్లు దూరం. బయల్దేరిన చోటి నుంచి ఇక్కడికి కొండలోంచి తిన్నగా గీత గీస్తే, దారి గుండ్రమనుకుంటే, నాలుగున్నరే. అది స్థానభ్రంశం, పడమర దిక్కుగా" అంది. దిక్కు రాయకపోతే మార్కులు పోతాయట. దూరానికి ఆ గొడవ లేదు. "ఇక్కడి నుంచి ప్రతి అడుగుకీ దూరం పెరుగుతుంది, స్థానభ్రంశం తగ్గుతుంది. అంటే గుడి దగ్గరవుతున్నట్టే కదా!"

నిజం చెప్పొద్దూ, వాయు లింగం, కుబేర లింగం ఆ మాట పట్టుకునే దాటాను. 12 కిలోమీటర్లు నడిచాక గుడికి తిన్నగా 2 కిలోమీటర్లు కూడా లేవు.

మళ్ళీ గోపురం ముందుకు చేరేసరికి 5 గంటలు పట్టింది. బయల్దేరిన చోటికే వచ్చాం కాబట్టి స్థానభ్రంశం సున్నా అంది మా అమ్మాయి. నడిచిన దూరాన్ని బట్టి చూస్తే సగటు వడి గంటకు 2.8 కిలోమీటర్లట, స్థానభ్రంశాన్ని బట్టి లెక్కేసే సగటు వేగం మాత్రం సున్నా! నాకు ఒళ్ళు మండింది. "ఇంత నడిస్తే వేగమే లేదంటావా?" "ప్రతి క్షణం ఉంది అమ్మా. కానీ వేగానికి దిక్కు కూడా ఉంటుంది. పడమరకు వెళ్ళినంతా తూర్పుకు తిరిగొచ్చాం, మొత్తం మీద ఒకదానికొకటి కొట్టుకుపోయింది."

దర్శనం క్యూ కూడా ఇలాంటిదే. కమ్మీల మధ్య అటూ ఇటూ తిప్పుతారు, గంట నడిచినా గర్భగుడికి నాలుగడుగులు దగ్గరైతే గొప్ప. చివరికి దీపం వెలుగులో లింగం మీద విభూతి రేఖలు కనిపించాయి. కళ్ళు తుడుచుకునేలోపే పక్కకు లాగేశారు. ఈసారి పౌర్ణమి కాని రోజు చూసుకుని మావారిని కూడా తీసుకెళ్ళాలి.