యాంటీలాగ్‌లో మైనస్ వస్తే ఏం చేయాలి?

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతుంటాను. లాగ్ చకచకా చూసేసేవాళ్లు కూడా యాంటీలాగ్ అనగానే పెన్ను పక్కన పెట్టేస్తారు, ఎందుకో మరి. 10ని ఇచ్చిన ఘాతానికి హెచ్చించమంటున్నారు, అంతకుమించి ఏమీ లేదు. 100కి లాగ్ 2 కాబట్టి 2కి యాంటీలాగ్ 100.

2.3768 తీసుకోండి. ముందున్న 2ని కాసేపు మర్చిపోయి, యాంటీలాగ్ టేబుల్లో .37 వరుసకెళ్లి 6 కాలమ్ కింద చూస్తే 2377 ఉంటుంది, అదే వరుసలో చివరన మీన్ డిఫరెన్స్ (నాలుగో అంకె కోసం కలపాల్సిన చిన్న సంఖ్య) 8 కింద 4. కలిపితే 2381. చుక్క మొదటి అంకె తర్వాత పెట్టి, ఇందాక వదిలేసిన 2 ప్రకారం రెండు స్థానాలు కుడికి జరిపితే 238.1. హెన్రీ బ్రిగ్స్ 1617లో 10 ఆధారంగా లాగ్ టేబుల్స్ అచ్చు వేయించాడు, ఈ సుఖమంతా ఆ 10 వల్లే.

అసలు గొడవ మైనస్‌తో. −2.3768 ఇస్తే చాలామంది పాత 2381నే తీసుకుని 0.02381 అని రాసేస్తారు. తప్పు! టేబుల్లో ఉన్నవన్నీ ప్లస్ భిన్నాలే, మీ దగ్గరున్నది మైనస్ భిన్నం, ఆ రెండూ ఎలా కలుస్తాయి? అందుకే ముందు −3 + 0.6232 అని విడగొట్టాలి, బార్ త్రీ అని (3 మీద గీత పెట్టి) మనం రాసేది దీన్నే. .62 వరుసలో 3 కింద 4198, డిఫరెన్స్ 2, మొత్తం 4200. జవాబు 0.0042. అనుమానముంటే 1ని 238.1తో భాగించి చూసుకోండి, అదే వస్తుంది.

ఎంట్రన్స్‌లో టేబుల్ ఇవ్వరని టెన్షన్ పడక్కర్లేదు, 2, 3, 7ల లాగ్‌లు (.3010, .4771, .8451) నోటికొస్తే చాలావరకు గట్టెక్కొచ్చు. పీహెచ్ 4.4 అన్నారనుకోండి, పీహెచ్ అంటే హైడ్రోజన్ అయాన్ గాఢత లాగ్‌కి మైనస్ పెట్టినది, కాబట్టి −4.4కి యాంటీలాగ్ కావాలి. −4.4 అంటే −5 + 0.6, ఆ 0.6 రెండు .3010లకు దగ్గర, అంటే 4కి లాగ్. హైడ్రోజన్ అయాన్ గాఢత లీటరుకు సుమారు 0.00004 మోల్. టేబుల్ చూస్తే 4 బదులు 3.981 వస్తుంది, ఆప్షన్లలో ఆ కాస్త తేడా ఎవడూ పట్టించుకోడు.

లెక్కలో ఎల్ఎన్ (10 బదులు e ఆధారంగా ఉండే లాగ్) ఇస్తే మాత్రం ముందు 2.303తో భాగించి, ఆ తర్వాతే ఈ టేబుల్ తెరవండి.