ఇంట్లో చేసుకున్న సీఎన్‌సీకి జీఆర్‌బీఎల్ ఎక్కించడం: ఎక్కడెక్కడ ఆగింది, ఎందుకు ఆగింది

సీఎన్‌సీ అంటే కంప్యూటరు చెప్పినట్టు కట్టర్‌ను నడిపి చెక్కే మెషీన్, జీఆర్‌బీఎల్ అంటే దాని బోర్డులో ఉండి మోటార్లను నడిపే ఫర్మ్‌వేర్. నా మెషీన్ చిన్నదే. 18 మి.మీ. ప్లైవుడ్ ఫ్రేము, ఎక్స్ 300, వై 200, జెడ్ 60 మి.మీ. నడక. స్టెప్పుల్లో తిరిగే నీమా17 మోటార్లు మూడు, మూడింటికీ టీ8 లీడ్‌స్క్రూలు (తిరిగితే నట్టును జరిపే మర కడ్డీలు), ఆర్డ్వినో యూనో నకలు బోర్డు, దాని మీద గుచ్చే సీఎన్‌సీ షీల్డ్ వీ3, మోటార్లకు కరెంటు ఇచ్చే ఏ4988 డ్రైవర్లు, 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), కట్టర్‌ను తిప్పే స్పిండిల్‌కి 775 మోటారు. బేరింగులూ బోల్టులూ రాణీగంజ్‌లో, మిగతావి కోఠీ గుజరాతీ గల్లీలో దొరికాయి. ఫ్రేము బిగించడం కంటే ఫర్మ్‌వేర్ దగ్గరే ఎక్కువ రోజులు పట్టింది. తీరా చూస్తే సగానికి పైగా తప్పులు ఫర్మ్‌వేర్‌వి కావు. వైర్లవి, జంపర్లవి, నావి.

ఎక్కించడం పెద్ద పనేం కాదు. జీఆర్‌బీఎల్ 1.1 జిప్ ఫైలు దించుకుని, విప్పి, లోపలున్న జీఆర్‌బీఎల్ ఫోల్డరును మాత్రమే ఆర్డ్వినో ఐడీఈలో లైబ్రరీగా కలపాలి. దించిన జిప్‌ను ఉన్నదున్నట్టు ఇస్తే "ఇందులో లైబ్రరీ లేదు" అంటుంది. తర్వాత ఉదాహరణల్లోంచి జీఆర్‌బీఎల్ అప్‌లోడ్ తెరిచి, బోర్డు యూనో అని ఎంచి, అప్‌లోడ్ నొక్కడమే. అందులో కోడ్ ఒక్క లైనే కనిపిస్తుంది, కంగారు పడొద్దు. అసలు సరుకంతా లైబ్రరీలో ఉంటుంది.

నకలు బోర్డుల్లో యూఎస్‌బీ చిప్ సీహెచ్340 కాబట్టి విండోస్‌లో దాని డ్రైవర్ వేయకపోతే పోర్టే కనిపించదు. లైనక్స్‌లో పోర్టు కనిపించినా అనుమతి లేదంటే, మన యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి మళ్లీ లాగిన్ అవ్వాలి. డ్రైవర్ వేసినా పోర్టు కనిపించకపోతే మొదట చూడాల్సింది కేబుల్. ఫోన్ చార్జర్లతో వచ్చే కొన్ని కేబుళ్లలో డేటా వైర్లే ఉండవు. ఎక్కాక సీరియల్ మానిటర్‌ను 115200 వేగంలో తెరిస్తే జీఆర్‌బీఎల్ 1.1 అని పలకరిస్తుంది. పిచ్చి గీతలొస్తే వేగం తప్పు పెట్టారన్నమాట.

ఇక్కడొక మాట. పాత బోర్డులో ఇంతకుముందు వేరే మెషీన్ సెట్టింగులు ఉంటే, కొత్తగా ఎక్కించినా అవి చెరిగిపోవు. కరెంటు పోయినా చెరగని ఈప్రామ్ అనే మెమరీలో అలాగే ఉంటాయి. అందుకే ఎక్కించగానే డాలర్, ఆర్‌ఎస్‌టీ, ఈక్వల్, డాలర్ కొట్టి అసలు విలువలకు తెచ్చుకున్నాకే మొదలుపెట్టాలి.

మోటార్లు కలిపేముందు కరెంటు సంగతి. ఏ4988 మీదున్న చిన్న స్క్రూ తిప్పి రిఫరెన్స్ వోల్టేజీ సరిచేయాలి. లెక్క ఇది: కావలసిన ఆంపియర్లు × 8 × సెన్స్ రెసిస్టరు విలువ. చిప్ పక్కనున్న రెండు నల్ల రెసిస్టర్లను భూతద్దంతో చూస్తే ఆర్100 అనో ఆర్050 అనో ఉంటుంది. ఆర్100 అంటే 0.1 ఓమ్, అప్పుడు 1 ఆంపియరుకు 0.8 వోల్టు. ఆర్050 అయితే అదే 1 ఆంపియరుకు 0.4 చాలు. ఒకే దుకాణంలో కొన్న నాలుగు డ్రైవర్లలో రెండు రకాలూ రావచ్చు. చూడకుండా అన్నింటికీ 0.8 పెడితే ఆర్050 దానికి 2 ఆంపియర్లు వెళ్లి, వేడెక్కి, తనంతట తానే ఆగిపోయి, చల్లారి మళ్లీ తిరుగుతుంది. బయటికి మాత్రం "ఫర్మ్‌వేర్ మధ్యలో స్టెప్పులు మింగుతోంది" అనిపిస్తుంది. 24 వోల్టుల సప్లై ఆన్‌లో ఉండగా మోటారు వైరు పీకొద్దు. డ్రైవర్ పోవడానికి అదొక్కటి చాలు. షీల్డులో డ్రైవర్ గుచ్చేటప్పుడు ఈఎన్ అని రాసిన కాలును షీల్డు మీది ఈఎన్‌తో కలపండి. స్క్రూ ఎటు ఉందో చూసి గుచ్చితే మోసపోతారు, ఎందుకంటే ఇంకో రకం డ్రైవర్ డీఆర్‌వీ8825లో స్క్రూ అవతలి వైపు ఉంటుంది.

మోటారు నాలుగు వైర్లలో ఏ రెండు ఒక జతో రంగులను బట్టి నమ్మలేం. దేనికీ కలపకుండా ఏవైనా రెండు వైర్ల కొసలు ఒకదానికొకటి తాకించి షాఫ్టును వేళ్లతో తిప్పండి. తేలిగ్గా తిరిగితే అవి జత కాదు. గట్టిపడి, పంటిపంటికీ ఆగుతున్నట్టు తిరిగితే అదే జత. జతలు కలగాపులగమైతే మోటారు గుర్రుమంటూ వణుకుతుంది గానీ తిరగదు.

ఇక స్టెప్పుల లెక్క. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు. డ్రైవర్ కింద మూడు జంపర్లూ పెడితే ఏ4988కి 1/16, అంటే చుట్టుకు 3200. టీ8 స్క్రూ మీద మర పళ్ల మధ్య కొలిస్తే 2 మి.మీ. ఉంటుంది. కానీ అందులో నాలుగు మరలు పక్కపక్కనే సాగుతాయి, కాబట్టి ఒక చుట్టుకు నట్టు జరిగేది 8 మి.మీ. 3200ను 8తో భాగిస్తే 400. జీఆర్‌బీఎల్ సెట్టింగులకు $తో మొదలయ్యే అంకెలుంటాయి. మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులో చెప్పే $100, $101, $102 (ఎక్స్, వై, జెడ్) మూడింటిలోనూ అదే వేయాలి. అసలు విలువ 250ని మార్చకుండా 10 మి.మీ. జరపమంటే 6.25 జరుగుతుంది. 2 మి.మీ.తో లెక్కేసి 1600 పెడితే 10కి 40 పోయి గోడకు గుద్దుకుంటుంది. ఈ రెండు అంకెలూ గుర్తుంటే తప్పు ఎక్కడుందో టేపు చూడగానే తెలిసిపోతుంది. 400 పెట్టాక కూడా సరిగ్గా రెట్టింపో, నాలుగింతలో వస్తే ఏదో ఒక జంపరు సరిగా కూర్చోలేదన్నమాట.

దిశ మార్చడానికి $3. ఎక్స్‌కి 1, వైకి 2, జెడ్‌కి 4, తిరగేయాల్సిన వాటిని కూడి రాయాలి. నా మెషీన్‌లో వై వైపు కదిలేది బల్ల, స్పిండిల్ కాదు. వై ప్లస్ నొక్కితే బల్ల మన వైపు రావాలి, అప్పుడే కట్టర్ పనిముక్క మీద వెనక్కి వెళ్లినట్టు. నేను బల్ల వెనక్కి పోవడం చూసి సరే అనుకున్నాను. మొదటి అక్షరం అద్దంలో చూసినట్టు చెక్కింది. $3=2 పెట్టాక సరిపోయింది.

$1 అసలు విలువ 25. అంటే కదలిక ఆగిన 25 మిల్లీసెకన్లకు మోటార్లకు కరెంటు వదిలేస్తుంది. 8 మి.మీ. లీడు స్క్రూ బరువుకు తనంతట తానే వెనక్కి తిరగగలదు. కరెంటు వదలగానే 775 మోటారు, దాని బిగింపు, చక్‌తో సహా జెడ్ మెల్లగా కిందికి జారింది. కట్టర్ ముక్కలో గుచ్చుకునేదాకా నాకు తెలియలేదు. $1=255 పెడితే ఎప్పుడూ పట్టి ఉంచుతుంది. మోటార్లు వెచ్చగా ఉంటాయి, అది మామూలే.

వేగాలకు $110 నుంచి $112, త్వరణానికి $120 నుంచి $122. త్వరణం అసలు విలువ 10, అంటే ఎద్దుబండి. చిన్న చిన్న గీతలున్న డిజైన్‌లో ఎంత ఫీడ్ (కోత వేగం) ఇచ్చినా పుంజుకోదు. ఒక్కో యాక్సిస్‌ను విడిగా తీసుకుని, 500 నుంచి 250 చొప్పున వేగం పెంచుతూ, మోటారు కీచుమని ఆగిపోయే చోటు పట్టుకుని, అందులో పాతిక శాతం తగ్గించాను. ఎక్స్, వైలకు నిమిషానికి 1500 మి.మీ., త్వరణం 100 దగ్గర నిలిచింది. జెడ్‌కు 600, 50. ఇవి నా ఫ్రేముకే. మీకు వేరేవి వస్తాయి. చిప్ సెకనుకు 30,000 స్టెప్పుల వరకు ఇవ్వగలదు, 400 లెక్కన అది నిమిషానికి 4500 మి.మీ. మోటారు అంతకంటే ముందే చేతులెత్తేస్తుంది.

ఇక లిమిట్ స్విచ్‌లు (నడక కొసల్లో ఉండేవి), హోమింగ్ (మెషీన్ ఆ స్విచ్‌లను వెతికి తన సున్నా పట్టుకోవడం). ఓపికంతా ఇక్కడే ఖర్చయింది.

షీల్డు మీద జెడ్ ఎండ్‌స్టాప్ అని రాసున్న పిన్నులు యూనో 11వ పిన్ను, డీ11కు వెళ్తాయి. జీఆర్‌బీఎల్ 1.1లో స్పిండిల్ వేగం పీడబ్ల్యూఎంతో (కరెంటును చకచకా ఇస్తూ ఆపుతూ) మార్చే సౌకర్యం మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది, అది డీ11 వాడుకుంటుంది. కాబట్టి జెడ్ లిమిట్ డీ12కు మారింది. షీల్డు మీద డీ12 ఎక్కడుందంటే, స్పిండిల్ ఎనేబుల్ అని రాసిన చోట. రాతను నమ్మి స్విచ్‌ను జెడ్ పిన్నుకే కలిపితే స్విచ్ నొక్కినా జీఆర్‌బీఎల్‌కు తెలియదు. పైగా స్పిండిల్ తిరుగుతుండగా స్విచ్ నొక్కుకుంటే బయటికి వోల్టేజీ ఇస్తున్న పిన్ను గ్రౌండ్‌కు షార్ట్ అవుతుంది. జెడ్ లిమిట్ వైరును ఎనేబుల్ పిన్నుకు, స్పిండిల్ పీడబ్ల్యూఎం వైరును జెడ్ పిన్నుకు పెట్టండి. సరిపోతుంది. స్పిండిల్ వేగం మార్చే పని లేనివాళ్లు కాన్ఫిగ్ ఫైలులో వేరియబుల్ స్పిండిల్ లైను తీసేసి మళ్లీ ఎక్కించుకుంటే పాత రాతలు నిజమవుతాయి. మార్చాల్సింది మాత్రం లైబ్రరీల ఫోల్డరులో ఉన్న కాపీని. దించుకున్న ఫోల్డరులో మార్చి "ఏం మారలేదేంటి" అని ఒక పూట కూర్చున్నాను.

హోమింగ్ నొక్కేముందు తప్పనిసరిగా చేయాల్సిన పని: ఒక్కో స్విచ్‌ను వేలితో నొక్కి పట్టి ప్రశ్నార్థకం పంపడం. జవాబు వరుసలో పీఎన్ అని వచ్చి, దాని పక్కన నొక్కిన యాక్సిస్ అక్షరం రావాలి. ఎక్స్ నొక్కితే ఎక్స్, జెడ్ నొక్కితే జెడ్. ఏమీ నొక్కకుండానే మూడూ కనిపిస్తే, స్విచ్ నొక్కడాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే $5 తిరగబడి ఉంది. నేను స్విచ్‌లను ఎన్‌సీ పద్ధతిలో, అంటే మామూలుగా కలిసి ఉండి నొక్కితే విడిపోయేలా వేశాను, కాబట్టి $5=1. దీని లాభం ఏమిటంటే వైరు తెగితే కూడా నొక్కినట్టే కనిపిస్తుంది, మెషీన్ ఆగిపోతుంది. ఒక యాక్సిస్‌కు రెండు కొసల్లోనూ స్విచ్ ఉంటే రెండూ ఒకే పిన్ను కాబట్టి వరుసగా, సీరీస్‌లో కలపాలి.

మొదటిసారి స్విచ్‌ను వెతికే వేగం $25ను 200కు తగ్గించి, బల్లను మధ్యలో పెట్టి, చేత్తో స్విచ్‌లు నొక్కుతూ హోమింగ్ చేయించాను. ముందు జెడ్ పైకి, తర్వాత ఎక్స్, వై కలిసి వెళ్తాయి. దిశ తప్పితే $23 మార్చాలి. అలారం 9 వస్తే స్విచ్ దొరకలేదని అర్థం. జీఆర్‌బీఎల్ ఒకటిన్నర రెట్ల నడక వరకు వెతుకుతుంది. జెడ్ నడక చెప్పే $132లో అసలు 200 అలాగే ఉంచితే 60 మి.మీ. జెడ్ పైన తగిలి కూడా మిగతాదంతా గరగరలాడుతూనే ఉంటుంది. అందుకే $130, $131, $132లో నిజమైన నడకలు ముందే వేయాలి. అలారం 8 అంటే స్విచ్ తగిలాక వెనక్కి జరిగినా స్విచ్ విడవలేదని. ఆ వెనక్కి జరిగే దూరం $27ను 1 నుంచి 3కు పెంచితే పోయింది, లివర్ ఉన్న స్విచ్‌లకు 1 మి.మీ. చాలదు. హోమింగ్ చేయకుండా ఫైలు పంపితే వచ్చే ఎర్రర్ 9 తప్పేం కాదు, తాళం వేసి ఉందని చెప్పడం. హోమింగ్ అయ్యాక ఎక్స్ అంకెలు మైనస్‌లో కనిపిస్తాయి, అదీ సరైనదే. 0 నుంచి -300 వరకే నడక. సాఫ్ట్ లిమిట్, అంటే నడక దాటే ఆదేశాన్ని ముందే ఆపే $20, పెట్టగానే అలారం 2 వస్తే పనిముక్క సున్నా తప్పు మూలలో పెట్టారన్నమాట.

హోమింగ్ ఉంటే ఒక మంచి లాభముంది. జీ54 సున్నా, అంటే పనిముక్క మీద మనం పెట్టిన సున్నా, ఈప్రామ్‌లో ఉంటుంది. పని మధ్యలో కరెంటు పోయినా, రాగానే మళ్లీ హోమింగ్ చేసి అదే సున్నాకు వెళ్లొచ్చు.

అంతా కుదిరాక స్పిండిల్ ఆన్ చేస్తే అలారం 1, అంటే లిమిట్ స్విచ్ తగిలిందని. ఏ స్విచ్చూ తగలకుండానే. పిన్నును 5 వోల్టుల వైపు పట్టి ఉంచే చిప్ లోపలి రెసిస్టరు, పుల్అప్, 20 నుంచి 50 కిలోఓమ్‌లు, అంటే చాలా బలహీనం. పక్కనే 775 బ్రష్‌ల నిప్పురవ్వలు. పొడవాటి స్విచ్ వైరు యాంటెన్నా అయి కూర్చుంటుంది. దీనికి ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించడమంటే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. కారణం తేల్చడానికి అదే ఫైలును గాలిలో రెండుసార్లు నడిపించాను, ఒకసారి స్పిండిల్ ఆపి, ఒకసారి తిప్పి. తిప్పినప్పుడే అలారం వచ్చింది. అప్పుడు చేసినవి: మోటారు రెండు కొసల మధ్య ఒక 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరు, ఒక్కో కొస నుంచి బాడీకి ఒక్కొక్కటి. ఒక్కో లిమిట్ పిన్నుకు 5 వోల్టులకు 4.7 కిలోఓమ్, గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్, రెండూ బోర్డు దగ్గరే. స్విచ్ వైర్లు షీల్డెడ్, దాని జల్లెడ ఒక కొసనే గ్రౌండ్‌కు. స్పిండిల్‌కు వేరే ఎస్‌ఎంపీఎస్. స్పిండిల్ వైర్లు ఎడమ నుంచి, స్విచ్ వైర్లు కుడి నుంచి. ఆఖరిదానికి పైసా ఖర్చు లేదు, ఎక్కువ ఫలితం ఇచ్చింది అదే అనుకుంటున్నాను.

స్పిండిల్ ఆన్ చేయగానే యూఎస్‌బీ పోర్టే మాయమైతే ల్యాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. తగ్గితే గ్రౌండ్ లూపు, అంటే రెండు గ్రౌండ్ దారుల మధ్య కరెంటు తిరగడం. ఎస్‌ఎంపీఎస్ రేకు తాకితే జివ్వుమంటే ఎర్తింగ్ లేదు. మన ఇళ్లల్లో మూడో పిన్ను చాలాచోట్ల అలంకారానికే ఉంటుంది, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

చివరికి కొలతలు. 100 మి.మీ. జరిపితే 99.8 వచ్చిందని $100 మార్చేయకండి. 50, 100, 200 మూడూ కొలవండి. తేడా దూరంతో పాటు పెరిగితేనే లెక్క తప్పు. మూడింటిలోనూ ఒకే తేడా ఉంటే నట్టులో ఆట. ఒక్కోసారి ఒక్కోలా వస్తే స్టెప్పులు పోతున్నాయి, కరెంటూ త్వరణమూ చూడాలి. డయల్ గేజీ పెట్టి 1 మి.మీ. ముందుకు, 1 వెనక్కి జరిపితే నాకు 0.18 తేడా వచ్చింది. ఇత్తడి నట్టులో ఆట అది. జీఆర్‌బీఎల్‌లో దాన్ని సర్దే సెట్టింగు లేదు. స్ప్రింగు ఉన్న జంట నట్టు వేశాక 0.04కు తగ్గింది. ప్లైవుడ్ పనికి చాలు.

రెండు డాలర్లు కొడితే వచ్చే మొత్తం జాబితాను ప్రింటు తీసి కంట్రోల్ బాక్సు మూత లోపల అతికించాను. $5 పక్కన పెన్నుతో "ఎన్‌సీ స్విచ్‌లు", $102 పక్కన "లీడు 8, 2 కాదు".