మేలుకున్నందుకు అభినందనలట

చిన్నది ఇప్పుడే పడుకుంది. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అది కాదు, మా మరిది. రాత్రిళ్ళు పసిపిల్లలతో మేలుకొనే తల్లిదండ్రులకు తోడుగా ఉండాలని విశాఖపట్నంలో కూర్చుని అతను తయారుచేస్తున్న యాప్‌ను నా మీదే పరీక్షిస్తున్నాడు. నిన్న రాత్రి పాలిస్తూ దాన్ని తెరవగానే గదంతా తెల్లటి వెలుతురు పరుచుకుని, కళ్ళు మూతలు పడుతున్న పిల్ల ఉలిక్కిపడింది. తెర మీద ఒక బంగారు నక్షత్రం మెరిసి, "అభినందనలు! ఈ రాత్రి మీరు 4 సార్లు మేల్కొన్నారు" అంది.

ఆ నక్షత్రం ఇవాళంతా నన్ను గుచ్చుతూనే ఉంది. తొలి వారాల్లో పసిబిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది, పగలేదో రాత్రేదో తెలియడానికి దానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఇందులో నేను సాధించినదేమిటో నాకు అర్థం కాలేదు. దాని కింద "బిడ్డ నిద్రపోయినప్పుడు మీరూ నిద్రపోండి" అని ఒక సలహా. అప్పుడు పెద్దదానికి క్యారేజీ ఎవరు కడతారు, పొత్తిగుడ్డలు ఎవరు ఆరేస్తారు? పైగా వివరాలు నింపే చోట "అమ్మ పేరు" అన్న గడి ఒక్కటే ఉంది. తల్లిదండ్రుల కోసమని చెప్పి తండ్రికి గడి పెట్టకపోతే, గోడవైపు తిరిగి పడుకోవడానికి ఆయనకు యాప్ కూడా సెలవిచ్చినట్టే కదా. (ఇది ఆయన చదువుతారని తెలిసే రాస్తున్నాను.)

రాత్రిపూట తోడంటే నాకు గుర్తొచ్చేది వేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, పెద్దదాని పురిటికి వెళ్ళిన నేను ఇంకా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా అమ్మగారింట్లోనే ఉన్నాను. కొబ్బరి చెట్లూ జీడితోటలూ నేలకూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోనుకు సిగ్నలు లేదు. చీకటి పడితే కిరసనాయిలు బుడ్డే గతి, ఉక్కకు పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. తోటలో ఒక్క చెట్టూ మిగలని పక్కింటి ముసలమ్మ అప్పుడు దడి అవతల నుంచి, "గుంట ఇంకా నిద్దరోనేదేటమ్మా?" అని అడిగేది. వచ్చి ఎత్తుకునేది కాదు, వసకొమ్ము అరగదీసి నాకించమని సలహా చెప్పేది కాదు. కాసేపాగి తన జీడిచెట్ల ఊసెత్తి, ఏది ఏ యేడు నాటారో, ఏది ఎన్ని బస్తాలు కాసిందో చెప్పుకుంటూ పోయేది. నేను ఊ కొడుతూ ఉయ్యాల ఊపేదాన్ని. ఆ రాత్రుల్లో ఆమెకూ నిద్ర ఉండేది కాదు, ఆ జీడిచెట్ల మాట వినడానికి ఆమెకూ ఒక మనిషి కావలసి వచ్చిందని ఇప్పుడు అనిపిస్తోంది.

అందుకే లెక్కలన్నీ తీసేసి, మాట్లాడే మనిషిని పెట్టమని మరిదికి రాద్దామని పొద్దున నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. పదివారాల టీకాకు వెళ్ళినప్పుడు, పిల్ల నిన్నటి నుంచి ఎన్నిసార్లు తడిపిందని నర్సు అడిగితే నేనొక అంకె చెప్పాను, ఆయనొక అంకె చెప్పారు. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా తడుపుతుంటే పాలు సరిపోతున్నట్టేనని ఆమె అంది. సరైన అంకె ఆ యాప్‌లోనే దొరికింది. కాబట్టి లెక్క ఉండనిచ్చి, నక్షత్రాన్ని మాత్రం తీసేయమనాలి. తెర నల్లగా ఉండాలి, ఒంటి చేత్తో నొక్కడానికి వీలవ్వాలి, తుఫానుల జిల్లా కనుక సిగ్నలు లేకపోయినా పనిచేయాలి. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా వైద్యుడికి చూపించాలన్న మాట అభినందనలు ఉన్న చోటే, మొదటి తెర మీదే కనిపించాలి. తల్లి మనసు బాగాలేనప్పుడు రాత్రింబవళ్ళు పలికే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు కూడా అక్కడే ఉండాలి.

ఇక మాట్లాడే మనిషి సంగతే తేలడం లేదు. ముక్కూమొహం తెలియని తల్లులను అర్ధరాత్రి ఒకచోట చేరిస్తే ఒకరి భయం మరొకరికి అంటుకోవచ్చు. జీతమిచ్చి ఎవరినైనా కూర్చోబెడితే ఆ మనిషి పిల్ల బరువు అడుగుతుందే తప్ప జీడిచెట్ల గురించి చెప్పదు. పైగా ఆ జీతం ఎవరిస్తారని మరిది అడుగుతాడు. అది తేలేలోగా తండ్రి పేరుకు ఒక గడి పెట్టమంటాను, దానికి పైసా ఖర్చు లేదు.